మెట్ల కింది గది

"సంతకం పెట్టను."

అమ్మాజీ ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మొదటిసారి అరిచింది. రెండోసారి ఏడ్చింది. ఈసారి మాత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలైనా ఎత్తకుండా మామూలుగా అంది. వెంకటేశ్వరరావుకు అప్పుడు పట్టుకుంది భయం. అరిచే పెళ్లాన్ని సముదాయించడం పదమూడేళ్ల కాపురంలో అతనికి అలవాటైన విద్యే. ఇలా నింపాదిగా మాట్లాడే మనిషిని ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

కాగితం టీపాయ్ మీద ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా అత్తగారు పార్వతీదేవి దాని మీద మంచినీళ్ల గ్లాసు పెట్టింది. పదకొండు గంటలకల్లా సంతకంతో నర్సింగ్ హోమ్‌కు చేరాలని ఆస్పత్రి యజమాని నరసింహ కబురు.

అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. స్టాఫ్ నర్సునైన నేను మంగళవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండి, ఎవరికీ చెప్పకుండా సొంత పని మీద బజారుకు వెళ్లాను. ఆ సమయంలో పేషెంటు పద్మమ్మ మంచం దిగి వచ్చి మెట్ల మీద పడింది. తప్పు పూర్తిగా నాది. ఇందులో ఆస్పత్రి యాజమాన్యానికి ఎలాంటి సంబంధం లేదు.

"బజారట," అంది అమ్మాజీ. "ఏం కొన్నానో కూడా రాసి పంపాల్సింది. ఏ కూరలో, ఏ చీరో."

"ఎగతాళికి ఇదా సమయం?" వెంకటేశ్వరరావు గొంతు తగ్గించాడు. గుండ్లపోచంపల్లిలో వాళ్లుండే ఆ కొత్త కాలనీలో గోడలు పలచన, చెవులు చురుకు. "పెడితే నీ ఉద్యోగం ఒక్కటే పోతుంది. పెట్టకపోతే ఆయనే స్టేషన్లో కంప్లైంట్ ఇస్తానంటున్నాడు. పద్మమ్మ మొగుడు యాదయ్య మనుషులు ముప్పైమంది మూడు రోజులుగా ఆస్పత్రి ముందు కూర్చుని ఉన్నారు. వాళ్లకు ఎవరో ఒకరి పేరు చెప్పాలిగా."

"ఉద్యోగం ఒక్కటేనా పోయేది? డ్యూటీ వదిలేసి బజారుకు పోయానని నా చేత్తో నేనే రాసిస్తే నర్సింగ్ కౌన్సిల్లో నా పేరు కొట్టేస్తారండీ. ఇంకెక్కడా నన్ను సూది పట్టనివ్వరు. పదహారేళ్ల సర్వీసు నాది."

"మరి మందుల షాపుకు వెళ్లానని ఎందుకన్నావు?"

అమ్మాజీ చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"ఇంజెక్షన్ తేవడానికి వెళ్లానని నువ్వే అన్నావు. షాపువాడేమో ఆ మధ్యాహ్నం ఎవరూ రాలేదని తేల్చి చెప్పాడు. ఒకసారి మాట తప్పని తేలాక ఇంకేం చెప్పినా ఎవరు నమ్ముతారు?"

"ఏం చెప్పమంటారు? ఆవిడ తల పగిలి నా ఒళ్లో ఉంది. చుట్టూ ఇరవైమంది మగాళ్లు. ఎటు పోయినవ్ అని నరసింహ గారు మీద మీదకొచ్చి అరుస్తున్నారు. ఫలానా చోటికి వెళ్లానని ఏ నోటితో చెప్పను?"

"చెప్పకపోవడమే మంచిదైంది," అంది పార్వతీదేవి వంటింటి గడప మీది నుంచి. "ఆడపుటక పుట్టాక అలాంటి మాటలు నలుగురిలో అంటామా?"

"ఇందులో మంచేముంది అత్తయ్యగారూ?"

పార్వతీదేవి చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అసలు సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆ మాటకొస్తే ఆస్పత్రిలో తుడిచే మనిషికి కూడా తెలుసు. మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద కింద దుకాణాలూ పైన నర్సింగ్ హోమూ ఉండేలా నరసింహ ఆ మేడ కట్టాడు. పైన ఆడవాళ్ల వార్డును ఆనుకుని ఈశాన్యం మూల ఒక బాత్రూం ఉండేది. పేషెంట్లకూ నర్సులకూ కలిపి అదొక్కటే, అయినా ఉండేది. నిరుడు మండలం ఎన్నికల్లో నరసింహ ఓడిపోయాడు. ఒక సిద్ధాంతి వచ్చాడు, టేపుతో మేడంతా కొలిచాడు, ఈశాన్యంలో పాయిఖానా పెట్టుకుని గెలుపు ఎలా వస్తుందనుకున్నావని నిలదీశాడు. వారం తిరిగేసరికి బాత్రూం పూజగది అయింది. తెల్లని పాలరాయి పరిచారు, గంట కట్టారు. డ్యూటీ ఎక్కే ప్రతి నర్సూ ముందు అక్కడ దీపం వెలిగించాలని రూలు పెట్టారు.

అప్పటి నుంచి అందరికీ మెట్ల కింది గదే దిక్కు. ఇరవై రెండు మెట్లు దిగాలి. దుకాణాల ముందు నుంచి తిరిగి వెళ్లాలి. తాళం జిరాక్స్ షాపులో మేకుకు వేలాడుతుంది, అడిగి తీసుకోవాలి. ఆ షాపాయన తాళం ఇస్తూ ఒక నవ్వు నవ్వుతాడు, ఆ నవ్వు తప్పించుకోవడానికి నర్సులు డ్యూటీలో మంచినీళ్లు తాగడం మానేశారు. ఏడు గంటలు, ఎనిమిది గంటలు బిగబట్టుకుని నిలబడి పని చేశారు. అమ్మాజీకి ఆర్నెల్లలో రెండుసార్లు చలిజ్వరం వచ్చింది, మూత్రంలో మంట. మందుల కన్నా ముందు నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మంగళవారం ఆమె ఆ మాట విన్నది. రెండు చెంబుల నీళ్లు తాగింది.

పద్మమ్మకు గర్భసంచి తీసి అది మూడో రోజు. మూత్రం పోయే గొట్టం ఆ పొద్దున అమ్మాజీయే తీసింది. "వస్తే నన్ను పిలువమ్మా, ఇక్కడే బెడ్ పాన్ పెడతాను," అని చెప్పింది. పద్మమ్మ తల ఊపింది. మంచాల మధ్య పరదా లేదు, ఎదుటి మంచం దగ్గర ఎవరిదో బావగారు పేపరు చదువుతూ కూర్చున్నాడు. పద్మమ్మ పిలవలేదు. పొట్ట పట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. అమ్మాజీ అప్పటికే కింది గదిలో ఉంది.

"ఒక్క మాట అడుగుతాను," అంది అమ్మాజీ భర్తతో. "పైన ఆ బాత్రూం మూయించింది ఎవరు?"

వెంకటేశ్వరరావు నరసింహ దగ్గర సైట్ సూపర్‌వైజరు. తాపీమేస్త్రీని పెట్టి, దగ్గరుండి, రెండు రోజుల్లో ఆ పని పూర్తి చేయించింది అతనే.

"నేను కాకపోతే ఇంకొకడు మూయించేవాడు," అన్నాడు చివరికి.

"నిజమే. కానీ ఆ ఇంకొకడి పెళ్లాం అక్కడ పని చెయ్యడం లేదు కదండీ."

"చెప్పాను ఆయనకు! పైన ఒకటైనా ఉండాలి సార్ అని చెప్పాను. నడిస్తే పేషెంట్లకే మంచిదని నవ్వేశాడు. అంతకన్నా నేనేం చెయ్యను?"

"ఆ మాటే ఇవాళ పదకొండింటికి వచ్చి అక్కడ చెప్పండి. పాత ప్లాను మీ బీరువాలో ఉంది. అది పట్టుకు రండి. ఇదిగో, ఇక్కడ ఉండేది, ఇలా తీసేశాం అని ఒక్క ముక్క చెప్పండి. నేను ఇంకేమీ అడగను."

వంటింట్లో పార్వతీదేవి గిన్నెల అలికిడి ఆపేసింది.

"ఈ ఇల్లు ఇంకా ఆయన పేరునే ఉంది," అన్నాడు వెంకటేశ్వరరావు. "రిజిస్ట్రేషన్ కాలేదు. మన పిల్ల శ్రీలేఖ స్కూలు సంగతీ ఆలోచించు. నాకు నలభై మూడేళ్లు. ఇప్పుడు ఏ సైటుకు వెళ్లి పని అడగను?"

"అయితే రారన్నమాట."

"తూంకుంటలో స్లాబు పడుతోంది. నేను లేకపోతే కుదరదు." అతను స్కూటరు తాళాలు వెతుక్కున్నాడు. అవి చొక్కా జేబులోనే ఉన్నాయి, అయినా కాసేపు అల్మరా అంతా వెతికాడు. "వెళ్లడం వెళ్లకపోవడం నీ ఇష్టం. నన్ను మాత్రం ఇందులోకి లాగకు."

స్కూటరు మలుపు తిరిగే వరకు అమ్మాజీ కదల్లేదు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, కాగితం మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. పార్వతీదేవి గుమ్మం దాకా వచ్చింది. కోడలి భుజం మీద జారిన తెల్లచీర కొంగు సర్దింది.

"మంచినీళ్లు తాగి వెళ్లవే," అంది.

"వద్దు అత్తయ్యగారూ," అంది అమ్మాజీ.

*

సెవెన్ సీటర్ ఆటోలో పదకొండో మనిషిగా ఇరుక్కుని మేడ్చల్‌లో దిగేసరికి పదకొండు కావొస్తోంది. యాదయ్య మనుషులు ఎండకు తాళలేక రోడ్డవతలి నీడకు చేరారు. ఆస్పత్రి మెట్లు ఎవరో ఫినాయిలు పోసి కడిగారు. అన్నిటికన్నా కింది మెట్టు మీద ఒక ముసలమ్మ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. పద్మమ్మ తల్లి. అమ్మాజీ ఆమె పక్క నుంచి, కొంగు తగలకుండా ఒద్దికగా తప్పుకుని మెట్లెక్కింది. ముసలమ్మ తలెత్తి చూడలేదు. అందుకు అమ్మాజీ ఎంత సంతోషించిందో చెప్పుకుంటే సిగ్గుచేటు.

పైన డాక్టరమ్మ కూర్చునే గదిలో నరసింహ ఉన్నాడు. యాదయ్య తరఫు పెద్దమనిషి లింగం ఉన్నాడు. గోడకు ఆనుకుని నేల మీద, మూడు రోజుల గడ్డంతో పద్మమ్మ భర్త యాదయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలుపు పక్కన, చేతులు కట్టుకుని వెంకటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. తూంకుంటలో స్లాబు పడటం లేదని అమ్మాజీకి అర్థమైంది.

నరసింహ భార్య ఇందిరమ్మ పూజగదిలోంచి హారతి పళ్లెంతో వచ్చింది. వరసగా అందరి ముందూ పట్టింది. అమ్మాజీ కూడా అలవాటు చొప్పున కళ్లకద్దుకుంది.

"రా సిస్టరమ్మ," అన్నాడు నరసింహ. మనిషి మర్యాదస్తుడు, ఎంత కోపంలోనూ ఆడవాళ్లను అమ్మా అనే పిలుస్తాడు. మంగళవారం ఒక్కరోజు తప్పింది. "కాయితం తెచ్చినవా?"

"తెచ్చానండీ. సంతకం పెట్టలేదు."

"ఎందుకు?"

"అందులో రాసింది జరగలేదు."

"మరి జరిగిందేంది? మొన్న మందుల దుకాణమంటివి. గది గాదని తేలిపాయె. ఇగ ఇయ్యాల కొత్తది ఇంకేమన్న తెచ్చినవా?"

అమ్మాజీ వార్డులో ఎంతమంది మగవాళ్ల ఒళ్లు తుడిచిందో, ఎంతమంది పాన్‌లు ఎత్తిందో లెక్క లేదు. ఆ పని చేయడానికి ఎన్నడూ సిగ్గుపడని మనిషికి తన సంగతి చెప్పుకోవడానికి మాత్రం నోరు రావడం లేదు.

"బాత్రూంకు వెళ్లాను," అంది.

లింగం భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. ఇందిరమ్మ పళ్లెంలో కర్పూరం వైపు చూస్తూ ఉండిపోయింది.

"మెట్ల కింది గదికి వెళ్లాను. పైన మాకు ఏదీ లేదు కనుక వెళ్లాను. పద్మమ్మ కూడా అందుకే దిగింది. పైన ఉన్నదాన్ని మీరు మూయించి పూజగది చేశారు. అది ఉండి ఉంటే పద్మమ్మ మంచం దిగి పది అడుగులు నడిస్తే సరిపోయేది. నేను కళ్ల ముందే ఉండేదాన్ని."

నరసింహకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆయన చాలా నొచ్చుకున్న మనిషిలా ముఖం పెట్టాడు.

"దేవుని గదిని పట్టుకొని గా మాటలేందమ్మా? గీడ లెట్రిన్ ఎన్నడు లేకుండె."

"బయట గోడకు పైపు ఇంకా ఉందండీ. చూడండి."

"గది వాన నీళ్ల పైపు. ఏమయ్యా రావూ, నువ్వే గదా కట్టించినవ్? నీ పెండ్లానికి నువ్వే జెప్పు."

అందరూ వెంకటేశ్వరరావు వైపు తిరిగారు. అతను కిటికీలోంచి రోడ్డు మీది లారీలను చూస్తున్నాడు.

"ప్లానులో అక్కడ... స్టోర్ రూం అండీ," అన్నాడు.

అమ్మాజీకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అతని తరఫున సిగ్గేసింది. పదిమందిలో బట్ట జారిన మనిషి నుంచి చూపు తిప్పుకున్నట్టు చూపు తిప్పుకుంది. ఎదురుగా ఇందిరమ్మ కనిపించింది.

"అమ్మా, మీకు తెలుసు. మీ కోడలి కాన్పుకు ఇక్కడ నాలుగు రోజులు ఉన్నారు. పైనే వెళ్లేవారు. ఆడవాళ్లు కదా, మీరైనా చెప్పండి."

"నాకేం యాదికి లేదు బిడ్డా," అంది ఇందిరమ్మ. "దేవుని తావు. గట్ల మాట్లాడొద్దు." పళ్లెం పట్టుకుని పూజగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

"అయిపాయె," అన్నాడు నరసింహ. "ఇగ పరేషాన్ జెయ్యకుండ సంతకం వెట్టమ్మా. నీ మీద నాకేం పగ లేదు."

"జర ఆగున్రి."

ఆ గొంతు యాదయ్యది. అంతసేపూ అతను ఆ గదిలో ఉన్న సంగతే అందరూ మరిచిపోయినట్టున్నారు. చొక్కా జేబులో పట్నంలోని పెద్దాసుపత్రి చీటీలు కుక్కుకుని, గోడ పట్టుకుని లేచాడు. వచ్చి అమ్మాజీకి ఎదురుగా నిలబడ్డాడు.

"గీమె అబద్దమాడుతలేదు. పోయినేడు చూపిచ్చుకోనికి వచ్చినప్పుడు మా పద్మ గీ పైననే పోయొచ్చింది. నేను గీడనే బయట నిలవడ్డ. నాకు మంచిగ యాదికున్నది."

"యాదయ్యా..." అన్నాడు నరసింహ.

"ఆగున్రి పటేలా." యాదయ్య ఆయన వైపు చూడలేదు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నాకెరుక."

మూడు రోజుల తర్వాత ఒక మనిషి తన మాట నమ్మాడు. అమ్మాజీ కళ్లు నిండిపోయాయి. ఆ క్షణంలో అతని కాళ్ల మీద పడమన్నా పడేదే.

"ఒక్క ముచ్చట అడుగుత," అన్నాడు యాదయ్య. "గప్పుడు గా కింద గదిల ఉన్నది నువ్వేనా?"

"నేనే."

"లోపట గడె వెట్టుకున్నవా?"

"పెట్టుకున్నాను."

"ఎవలన్న తలుపు కొట్టిన్రా?"

అమ్మాజీ చూపు తలుపు గడియ మీదకు వెళ్లింది.

"జీపుల పట్నం తీస్కపోతుంటే కొంపల్లి దాక మాట్లాడింది," అన్నాడు యాదయ్య. "తలుపు కొట్టిన, తియ్యలే. తలుపు కొట్టిన, తియ్యలే. గంతే. గదే మాట. ఏ తలుపో నాకు సమజ్ కాలే. తలకు దెబ్బ తాకి ఏందో ఒర్రుతాందనుకున్న. కొంపల్లి దాటినంక ఇగ మాట్లాడలే. ఇయ్యాల్టిదాక కండ్లు తెరుస్తలేదు. ఆశ లేదన్నరు డాక్టర్లు. మూడొద్దుల సంది నేను గా తలుపు గురించే సోంచాయిస్తున్న."

కొట్టారు. మూడుసార్లు, చాలా మెల్లగా. జిరాక్స్ షాపాయన అప్పుడప్పుడు వచ్చి అలాగే మెల్లగా కొట్టి, ఇంకెంతసేపు సిస్టర్ అని నవ్వేవాడు. అతనే అనుకుంది అమ్మాజీ. పలికితే మళ్లీ ఆ నవ్వు వినాల్సి వస్తుందని ఊపిరి బిగబట్టింది. నీళ్ల చప్పుడు వినపడకుండా కుళాయి కట్టేసింది. కాసేపటికి చెప్పులు లేని కాళ్లు ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లిన చప్పుడైంది. షాపాయన బూట్లు వేసుకుంటాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. అయినా గడియ తియ్యలేదు. ఇంకో నిమిషానికి మెట్ల మీద పడిన చప్పుడు వినపడింది. ఈ ముక్క ఆమె మొగుడికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, తనకు తాను కూడా ఇంతవరకు చెప్పుకోలేదు.

"ఆమె ఎట్ల ఇంటదయ్యా?" నరసింహ చప్పున అందుకున్నాడు. "బజార్ల ఉంటివి గదమ్మా నువ్వు? గదే గదా కాయితం మీద ఉన్నది."

కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. పొద్దున విషంలా కనిపించిన ఆ నాలుగు వాక్యాల్లో ఇప్పుడు చోటుంది. బజారుకు వెళ్లిన మనిషికి ఏ తలుపు చప్పుడూ వినపడదు. వెంకటేశ్వరరావు మొదటిసారి తలతిప్పి ఆమె కళ్లలోకి చూశాడు. వద్దన్నట్టు తల కొంచెంగా అడ్డంగా ఊపాడు. బతిమాలుతున్నట్టుంది ఆ చూపు.

"విన్నాను," అంది అమ్మాజీ. "మూడుసార్లు కొట్టింది."

యాదయ్య అరవలేదు. చెయ్యెత్తలేదు. అలా ఏదైనా చేసి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

"పలుకకపోతివా?" అని మాత్రం అడిగాడు.

"పలకలేదు."

"ఎందుకమ్మా?"

ఎన్ని మాటలు చెప్పినా అన్నీ ఒక్క సిగ్గు దగ్గరికే వచ్చి ఆగుతాయి. ప్రాణం ముందు పెట్టి చూపించదగిన మాట కాదది.

నరసింహ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగ కాయితంతోని పనేమున్నది?" అన్నాడు లింగంతో. "ఆమె నోటితోనే చెప్పె. అందరు ఇన్నరు గదా."

లింగం తల ఊపాడు. వెంకటేశ్వరరావు మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నడువమ్మా," అన్నాడు యాదయ్య.

"ఎక్కడికి?"

"మా అత్త కింద మెట్ల కాడ కూసున్నది. ఎక్కుకుంటనే పడ్డదని దుకాణాలోళ్లు చెప్పిన్రు గదా, నా బిడ్డ ఒక్కతే ఎందుకు ఎక్కుతాంది గా మెట్లు, దిగినామె పని కాకుండనే మల్ల ఎందుకు పైకెక్కుతాందని మూడొద్దుల సంది నన్ను అడుగుతాంది. నేనేం జెప్పాలె? నాకైతే నోరొస్తలేదు. నువ్వే జెప్పు."

అమ్మాజీ తలుపు దాకా నడిచింది. గుమ్మానికి అడ్డంగా భర్త నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం, అతను చెయ్యి పట్టుకుని ఆపుతాడేమోనని ఆగింది.

వెంకటేశ్వరరావు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

పైమెట్టు మీద ఆమె కాలు పెట్టిన అలికిడికి కింద ముసలమ్మ తలెత్తి చూసింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తెల్లచీర ఆనవాలు పట్టి, రెండు చేతులూ జోడించింది.

"సిస్టరమ్మా, నువ్వేనా? ఆపరేషనైనకాడికెల్లి నా బిడ్డను మంచిగ అరుసుకున్నదానివి నువ్వొక్కదానివే. జర కూసో బిడ్డా నా పక్కకు," అంది, మెట్టు మీద చోటు చూపిస్తూ.